చెదరిన కిరణము, మసకబారిన ఛాయ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. భారతమును గూర్చియో ప్రబంధములను గూర్చియో ముచ్చటింతునని కొందరు తలచియుందురు. నేను గ్రామమున లెక్కలు వ్రాసి జీవించువాడను. కావ్యములను గురువు నొద్దగాక ఈ గ్రంథాలయపు బల్లల యొద్దనే చదువుకొంటిని. అయినను నేడు కావ్యములను ప్రక్కనుంచి, ఎక్సురే చిత్రమును గూర్చి మాట్లాడ నిశ్చయించితిని.

ఇందులకు కారణము మన ఊరి స్థితియే. పరవాడ చెంత సింహాద్రి విద్యుత్కేంద్రము 2002లో పనిచేయ నారంభించి, నేడు 2,000 మెగావాట్ల సామర్థ్యము కలిగియున్నది. మందుల కర్మాగారములు మన పొలిమేరలలోనే వెలసినవి. ఉక్కు కర్మాగారమును ఓడరేవును మనకు దూరము కావు. మన పిల్లలు వీనిలో పనిచేయుచున్నారు. ఉద్యోగమున చేరునపుడొకటి, దగ్గు వచ్చిన నొకటి, కాలుజారి పడిన నొకటి, ఇట్లు ఎక్సురే చిత్రములు ప్రతి యింటి పెట్టెలోను చేరినవి. ఆ నల్లని రేకును వైద్యుడు వెలుగున కెదురుగ బట్టి చెప్పు మాటమీద ఒకని మందు, ఒకని శస్త్రచికిత్స, ఒకని కూలిబ్రతుకు ఆధారపడియున్నవి. అట్టి చిత్రము ఒకచోట నిర్మలముగను మరొకచోట మసకగను ఏల వచ్చును? ఆ మసకను తొలగించుట యెట్లు? ఇదియే నేటి నా విషయము. నేను వైద్యుడను గాను. చదివి, తెలిసినవారి నడిగి గ్రహించినదానిని మీ ముందుంచుచున్నాను.

మా బంధువులలో నొకనికి ఆ మధ్య నడుమునొప్పి వచ్చినది. మొదట నొకచోట తీయించిన చిత్రమున వెన్నుపూస లెక్కడివో, చుట్టునున్న మాంస మెక్కడిదో తెలియనట్లు బూడిదరంగు క్రమ్మియుండెను. వైద్యుడు తల యూచి, మరియొకటి తీయించుకొని రమ్మనెను. రెండవచోట ఎక్సురే తీయు నతడు దేహముపై బడు వెలుగు చదరమును నడుమువరకే కుదించి, బల్లక్రింది గ్రిడ్డును సరిచూచి తీసెను. ఆ చిత్రమున ఒక్కొక్క పూస వేరువేరుగ కానవచ్చినది. మనిషి యొక్కడే, నొప్పి యొక్కటియే. భేదమంతయు చెదరిన కిరణములను అదుపు చేయుటయందున్నది.

ఎక్సు కిరణములను 1895 నవంబరు 8వ తేదీన జర్మనీ దేశమున వుర్‌ట్స్‌బర్గు పట్టణమునందు రంట్‌జెన్ పండితుడు కనుగొనెను. ఈ కిరణములు దేహమున ప్రవేశించినపుడు వానికి మూడు గతులు గలవు. కొన్ని తిన్నగ దూసికొనిపోయి ఫిలిమును చేరును. కొన్ని దేహముననే ఇంకిపోవును. సున్నపు పదార్థము అధికముగనున్న ఎముకయందు ఇంకుట ఎక్కువ, మాంసమునందు తక్కువ, గాలి నిండిన ఊపిరితిత్తులయందు అత్యల్పము. కొన్ని మాత్రము దేహములోని ఎలక్ట్రానులను తాకి దారి తప్పి, నలుదెసలకు చెదరిపోవును. దీనినే శాస్త్రజ్ఞులు పరిక్షేపణ మందురు.

మొదటి రెండు గతుల భేదమే మనకు చిత్రము. ఎముక కిరణములను ఆపినచోట ఫిలిము తెల్లగ నుండును. ఊపిరితిత్తి విడిచినచోట నల్లగ నగును. ఈ నలుపు తెలుపుల తేడాను ఛాయాభేద మందము. మూడవ గతి పట్టిన కిరణము అట్లు గాదు. అది ఫిలిముపై నొకచోట పడునుగాని, తాను బయలుదేరిన స్థాన మెద్దియో చెప్పజాలదు. లెక్కల పుస్తకమున రసీదు లేని పద్దు వంటిది అది. మొత్తమును పెంచును, ఎవరి ఖాతాదో తెలుపదు.

మన పూర్వులు చెదరిన వెలుగును ఎరుగనివారు కారు. కిటికీజాలకపు సందునుండి వచ్చు ఎండలో మెరయు ధూళికణమునకు త్రసరేణు వని పేరిడి, మనుస్మృతి దానిని తూనికలలో మొదటి మానముగ గ్రహించినది. ఆ ధూళి వెలుగును చెదరగొట్టుటచేతనే మన కంటికి కనబడుచున్నది. కొంచెము ధూళి యైన కన్నులకు వేడుక. ఆ ధూళియే మంచువలె దట్టమై బాటను కప్పినచో? తెల్లవారుజామున పొగమంచులో లారీ దీపములు వేసిన ఎదుటి చెట్టు కానరాదు. వెలుగు తక్కువై కాదు. వెలుగు చెదరి అంతటను పరచుకొనుటచేత. ఎక్సురే చిత్రములో క్రమ్ము మసకయు నిట్టిదే. ఇచట మంచు మన దేహమే.

లెక్కల వాడను గనుక లెక్కతో చెప్పెదను. ఫిలిమున రెండు ప్రక్కప్రక్క స్థానములున్నవనుకొందము. మొదటిదానిపై తిన్నని కిరణములు 100, రెండవదానిపై 60 పడినవి. తేడా 40, అనగా నూటికి 40 పాళ్లు. కంటికి చక్కగ తెలియును. ఇపుడు రెండింటిపైని చెదరిన కిరణములు 400 చొప్పున పడినవి. మొదటిది 500, రెండవది 460 అయినవి. తేడా యిపుడును 40 మాత్రమే. కాని మొత్తములో అది నూటికి 8 పాళ్లకు దిగజారినది. భేదము చావలేదు, మునిగిపోయినది. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే యైనను అతిశయోక్తి గావు. దళసరియైన కడుపును గ్రిడ్డు లేక తీసినచో ఫిలిమును చేరు కిరణములలో నూటికి ఎనుబదికి పైగ చెదరినవే యగును. గాలి నిండిన ఛాతీయందు అది తక్కువ, రమారమి సగము.

ఈ చెదరుటకు సరియైన వివరణము నిచ్చినవాడు అమెరికాకు చెందిన ఆర్థరు కాంప్టన్. ఎక్సు కిరణము ఎలక్ట్రానును బంతివలె ఢీకొని, కొంత శక్తిని కోల్పోయి ప్రక్కకు మరలునని ఆయన 1923లో ప్రకటించెను. ఆ 1923లోనే విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రియు, తరువాత ఆంధ్ర వైద్య కళాశాల యని ప్రసిద్ధిగాంచిన వైద్య కళాశాలయు ఆరంభమైనవి. మన ప్రాంతపు రోగులు నేటికిని ఆశ్రయించు ఆ వైద్యాలయమును ఈ విజ్ఞానమును ఒక్కయేటి కవలలని చెప్పవచ్చును.

ఇక నివారణోపాయములు. వీనిని రెండు తెగలుగ విభజింపవచ్చును: చెదరుటనే తగ్గించునవి యొకటి, చెదరినవానిని ఫిలిము చేరనీయనివి రెండవది. రోగము రాకుండ కాచుకొనుటకును, వచ్చినపిదప మందు త్రాగుటకును ఉన్నంత భేదము వీనికి గలదు.

మొదటి ఉపాయము కిరణము పడు ప్రదేశమును కుదించుట. యంత్రపు ముఖమున సీసపు రెక్కలుగల పెట్టె యుండును, దానిని కాలిమేటరందురు. ఎక్సురే తీయుటకు ముందు దేహముపై నొక వెలుగు చదరము, దాని నడుమ గీతల గుర్తు పడుట మీరు చూచియుందురు. కిరణ మెంతమేర పడునో ఆ చదరమే సూచించును. 35 సెంటీమీటర్ల వెడల్పు, 43 సెంటీమీటర్ల పొడవుగల చదరమును 20కి 25గ కుదించినచో వైశాల్యము సుమారు 1,500 చదరపు సెంటీమీటర్లనుండి 500కు దిగును, మూడింట నొకవంతు. కిరణము సోకని మాంసము కిరణమును చెదరగొట్టజాలదు. చిత్రము తేటపడును, దేహమునకు సోకు కిరణమును తగ్గును. రెండు విధముల లాభమేగాని నష్టము లేని ఉపాయము ఇది యొక్కటి. ఖర్చును లేదు, ఒక మీట త్రిప్పుటయే.

రెండవది దళసరిని తగ్గించుట. దేహ మెంత దళసరి యైన కిరణ మంత చెదరును. స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయునపుడు రెండు పలకల నడుమ అదిమి తీయుదురు. ఇది బాధగనున్నదని మన ఆడపడుచులు కొందరు పరీక్షనే మానుకొనుచున్నారు. తల్లులారా! ఆ అదుముట నిర్దయతో చేయునది గాదు. పలుచనైన కొలది కిరణము తక్కువ చెదరును, తక్కువ కిరణము చాలును, చిన్న గడ్డయైనను మరుగుపడదు. క్షణకాలపు ఇబ్బందికి ఫలము ప్రాణరక్షణము.

మూడవది కిరణముల శక్తిని వలసినంత యుంచుట. విద్యుత్తు ఒత్తిడిని కిలోవోల్టులలో కొలుతురు. ఒత్తిడి తక్కువైన ఎముకకును మాంసమునకును భేదము హెచ్చుగ కనబడును. కాని మితిమీరి తగ్గించిన కిరణములు చర్మమునకు దాపుననే ఇంకిపోయి ఫిలిమును చేరవు. చేరుటకై మోతాదు పెంచవలసివచ్చును. ఎక్కువైన భేదము తగ్గును. కనుక అవయవమును బట్టి మధ్యేమార్గము నెరుగుటయే నేర్పరితనము.

ఇక రెండవ తెగలో ముఖ్యమైనది గ్రిడ్డు. 1913లో బెర్లిను నగరమున గుస్తావ్ బక్కీ అను వైద్యుడు రోగికిని ఫిలిమునకును నడుమ సీసపు జాలకము నొకదానిని నిలిపెను. దీని రహస్యము తెలియుటకు మన కొబ్బరితోటకు పోవుదము. వరుసలు తీర్చిన తోటలో వరుస కెదురుగ నిలిచిన రెండు వరుసల సందున ఆవలి గట్టు కనబడును. ఒక అడుగు ప్రక్కకు జరిగి వాలుగ చూచిన మ్రానులు మ్రానులే అడ్డుపడును. గ్రిడ్డును అట్లే. సన్నని సీసపు బద్దలను నిలువుగ పేర్చి, వాని సందులను కిరణమును విడుచు అల్యూమినియము వంటి పదార్థముతో నింపుదురు. తిన్నగ వచ్చిన కిరణము సందులోనుండి పోవును. వాలుగ వచ్చిన చెదరు కిరణము సీసమును తాకి ఇంకిపోవును. బద్ద ఎత్తు సందు వెడల్పునకు 8 రెట్లో 10 రెట్లో 12 రెట్లో యుండును. ఈ నిష్పత్తి యెంత హెచ్చైన వడపోత యంత గట్టిది.

బక్కీ జాలకమునకు నొక లోపము. దాని గీతల నీడయు చిత్రముపై పడుచుండెను. షికాగో నగరపు హాలిస్ పాటరు దీనికి విరుగుడు కనుగొని 1920 ప్రాంతమున ప్రచారమునకు తెచ్చెను. చిత్రము తీయుచున్నంతసేపు గ్రిడ్డును మెల్లగ కదలించుటయే ఆ విరుగుడు. తిరుగుచున్న పంకా రెక్కలనుండి ఆవలి గోడ కానవచ్చునట్లు, కదలు గ్రిడ్డు నీడ కరగిపోవును. నేటికిని ఎక్సురే బల్లక్రిందనున్న అరను బక్కీ యనియే పిలుతురు. ఒక మనిషి పేరు పనిముట్టు పేరుగ నూరేండ్లకుపైగ నిలిచినదన్న అది గొప్ప కీర్తియే.

కాని గ్రిడ్డు ఉచితముగ పనిచేయదు. ముందటి లెక్కకే మరల వత్తము. గ్రిడ్డు తిన్నని కిరణములలో పదింట ఏడుపాళ్లను, చెదరినవానిలో పదింట ఒకపాలును విడుచునని కొందము. అపుడు తిన్ననివి 100కు 70, 60కి 42 మిగులును. చెదరినవి 400కు 40. మొత్తములు 110, 82. తేడా 28; నూటికి సుమారు 25 పాళ్లు. ఎనిమిదినుండి ఇరువదియైదునకు ఎగబ్రాకితిమి, సంతోషమే. కాని ఫిలిమును చేరిన మొత్తము 500నుండి 110కి పడిపోయినది. మునుపటి నలుపు రావలెనన్న కిరణమును నాలుగున్నర రెట్లు పెంచవలెను. ఆ పెంపును మోయునది రోగి దేహము.

అందుచేతనే సుమారు 10 సెంటీమీటర్లకు మించని భాగములకును, అనగా చేయి, ముంజేయి, పసిబిడ్డల దేహమునకును, సామాన్యముగ గ్రిడ్డు వాడరాదని చెప్పుదురు. అచట చెదరుట స్వల్పము. గ్రిడ్డు పెట్టిన భారమే మిగులును. వరియందు కలుపు లేనిచోట కలుపు మందు చల్లువాడు వివేకి గాడుగదా! గ్రిడ్డును వంకరగ నిలిపినను తలక్రిందులు చేసినను తిన్నని కిరణములనే మ్రింగి, చిత్రపు అంచులను శూన్యము చేయును. మంచి పనిముట్టునకు మంచి చేయి కావలెను.

గ్రిడ్డు లేకయే వడపోయు ఉపాయమొకటి గలదు. రోగికిని ఫిలిమునకును నడుమ జానెడు ఖాళీ విడిచినచో, వాలుగ చెదరిన కిరణములు దారిలోనే ప్రక్కకు తొలగిపోవును. అయితే ఛాయ పెద్దదగును. దానికి తగినట్లు యంత్రమును వెనుకకు జరుపవలెను.

ఇపుడు ఫిలిము స్థానమును అంకెల చిత్రము ఆక్రమించినది. కంప్యూటరు మసకను తగ్గించి భేదమును పెంచి చూపుచున్నది. గ్రిడ్డు లేకయే గ్రిడ్డున్నట్లు దిద్దు ఉపాయములును వచ్చినవి. ఇవి మేలైనవే. అయినను ఒక మాట మరువరాదు. చెదరిన కిరణముల సగటును లెక్కనుండి తీసివేయవచ్చునుగాని, వాని హెచ్చుతగ్గులవలన కలిగిన గరుకుదనము చిత్రమున మిగిలియే యుండును. అదిగాక వెడల్పుగ తీసి, తెరపై అంచులు కత్తిరించిన చిత్రము చక్కగనే కనబడును. కత్తిరించిన మేర దేహమున సోకిన కిరణమును మాత్రము ఎవ్వరును కత్తిరింపలేరు. పద్దు కొట్టివేసినంతమాత్రమున వెచ్చించిన రూపాయి పెట్టెలోనికి తిరిగిరాదు.

ఈ విద్య ఆసుపత్రులకే పరిమితము గాదు. విద్యుత్కేంద్రపు బాయిలరు గొట్టముల అతుకులను, ఓడల పలకల అతుకులను ఇట్లే కిరణములతో పరీక్షింతురు. వెనుకగోడనుండి చెదరి మరలివచ్చు కిరణములను పట్టుటకై ఫిలిము వీపున సీసపు ఇంగ్లీషు బీ అక్షరము నంటింతురు. చిత్రమున ఆ అక్షరము తెల్లగ తేలినచో వెనుకనుండి చెదరుట జరిగినదని గ్రహించి, సీసపు రేకు నడ్డమిడి మరల తీయుదురు. అతుకులోని బీటను మసక దాచినచో ఆ బాయిలరు చెంత నిలుచువాడు మన ఊరి బిడ్డయే కావచ్చును.

మన వాల్తేరు ఈ శాస్త్రమునకు పరాయిది గాదు. రామన్ పండితుని శిష్యులు, ఆంధ్రవిశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యులు సూరి భగవంతముగారు కాంతి పరిక్షేపణమును గూర్చి 1940లో ప్రామాణిక గ్రంథమును వెలువరించిరి. గోదావరి మండలపు గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందులవారు ప్రేగు నగరమున ఎక్సు కిరణములను పరిశోధించి, 1950 తరువాతి దశకమున ఇచటి అణుభౌతిక శాఖకు మూలపురుషులైరి. ఒకరికి విఘ్నమైన చెదరుట మరొకరికి విద్యయైనది.

చివరకు మనము చేయదగిన పనులు. మొదటిది భయము విడుచుట. ఛాతీ చిత్రమొకదానివలన సోకునది సుమారు 0.02 మిల్లీసీవర్టు, ప్రకృతినుండియే ప్రపంచమున మనిషికి ఏటేట సగటున 2.4 మిల్లీసీవర్టులు సోకుచున్నవి. వైద్యుడు వ్రాసిన ఎక్సురేను మానుకొనుట అవివేకము. అక్కర లేనిదానిని కోరి తీయించుకొనుటయు అవివేకమే. రెండవది, వెలుగు చదరమును గమనించుట. నొప్పి మోకాలికైతే చదరము తొడ సగమువరకు పరచుకొన్నచో, "అయ్యా, ఇంత మేర అవసరమా?" అని మర్యాదగ నడుగవచ్చును. మూడవది, ఊపిరి బిగబట్టుమన్నపుడు కదలకుండుట. నాలుగవది, వెంట వచ్చినవారు వెలుపలనే నిలుచుట. ఏలయన చెదరిన కిరణము రోగి దేహమునుండి గదియంతటను వ్యాపించును. బిడ్డను పట్టుకొనక తప్పని తల్లి సీసపు కోటును అడిగి తొడుగుకొనవలెను. గర్భిణి యైనచో ఆ సంగతి ముందే చెప్పి, మరియొకరిని పట్టుకొననీయవలెను. ఐదవది, పాత చిత్రములను పారవేయక దాచుట. నిరుటి నీడను నేటి నీడతో పోల్చిచూచినపుడే వైద్యునికి మార్పు తెలియును. మరల తీయు పనియు తప్పవచ్చును. దగ్గు రెండు వారములు దాటిన చిత్రముతోనే తృప్తిపడక కఫపరీక్షయు చేయించుకొనుడు. క్షయను నీడమాత్రముచే నిర్ణయింపరు.

అలంకారశాస్త్రమున ప్రసాద మను గుణ మొకటి గలదు. అర్థము తేటనీటిలోని గులకరాతివలె వెంటనే కానవచ్చుట. దానిని సాధించు కవి మాటలను కూర్చుట యెంత యెరుగునో, అక్కరలేని మాటను రానీయకుండుటయు నంతే యెరుగును. ఎక్సురే చిత్రమునకును ప్రసాదము అట్లే లభించును: వలసినచోటనే వెలుగు, వలసినంతయే వెలుగు. ఈ సూత్రమును మన గ్రంథాలయపు గోడపై నొక కాగితమున వ్రాసి, పై ఐదు పనులను దానిక్రింద చేర్చి యంటింపుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను. ఆసుపత్రికి పోవు త్రోవలో నొక్కడు దానిని చదివి పోయినను నేటి నా మాటలకు ఫలము దక్కినట్లే.